అర మిల్లీ

సూది లేని సిరంజిలో అర మిల్లీ.
గులాబీ రంగు. అరటిపండు రుచి అని సీసా మీద రాశారు.
అరటితోటల్లో పెరిగినదాని దగ్గరా ఈ వేషాలు?

రాజోలు పశువుల ఆస్పత్రిలో జోగిరాజు డాక్టరు
కళ్ళజోడు పైకి తోసి "కుందేలాండీ?" అన్నాడు.
తూచి కాగితం మీద వేశాడు, కిలో ఏడొందలు.
"పొద్దుట అరా, రాత్రి అరా. మానకూడదండి, ఆయ్."

ఈనిన గేదెలకు వెదురు గొట్టంతో
కషాయం పట్టిన చెయ్యి ఇది.
కొమ్ము పట్టి మూతి పైకెత్తితే
గుటుక్కున మింగేవి, పాపం.
దీన్ని తువ్వాల్లో చుడితే
తువ్వాలు నాకొదిలేసి
బియ్యం డ్రమ్ము వెనక్కి పోయింది.

పేరు కోరు.
కొబ్బరి కోరులా ఉందని మా పద్మిని పెట్టింది.
నిన్నట్నుంచి కోరు ఏమీ కోరడం లేదు,
తోటకూర కాడైనా.

చక్కెరకేళి ముక్కకు పూసి చూశాను.
పూయని వైపు వాసన చూసి ఊరుకుంది.

చివరికి మోకాళ్ళ మీద కూలబడి
ఒళ్ళో అదిమి
ముందుపళ్ళ పక్క సందులోంచి
చుక్క. ఆగి,
చుక్క.
నా అరచేతి కింద దాని గుండె
బుట్టలో పడ్డ పరిగెలా.
సగం లోపలికి, సగం నా జాకెట్టు చేతికి.
వదలగానే వెనక్కాలితో నేలమీద ఒక్కటిచ్చింది.
తిట్టే అయ్యుంటుంది.

తెల్లారకట్ల టార్చి పట్టుకుని డ్రమ్ము వెనక వంగాను.
మిరియాలంతేసి పెంటికలు,
మూడు!
పద్మినీ, లేవే, లే,
వచ్చి చూడు!

చీకట్లో రెండు చెవులు నిక్కాయి,
నా రెండో చేతిలో ఏముందో వింటూ.