మొలతాడు

రాత్రి పన్నెండు దాటినంక నీళ్ళు గూడ ముట్టద్దని
మంచానికి చీటి తగిలిచ్చింది షీబా సిస్టర్.
ఆ చీటి ఎన్ని మంచాలకు తగిలిచ్చిన్నో నేను!
రఫీక్ నవ్విండు:
"ఒక్క పూటకే గంత మొఖమా, మేము నెల్రోజులుంటం."
రఫీక్‌ది సిల్హెట్. నాతోటి మాప్ కర్ర పట్టేటోడు.
పొద్దుగాల నా బండి నూకేది ఆయనే.

చెయ్యికి పట్టీ ఏసిండ్రు.
ఏదుల రాజలింగు అనే మనిషి
ఇంగ్లీషుల ఒక తీరు, అరబ్బీల ఒక తీరు తప్పుగ అచ్చయిండు.
గంటకోసారి పేరు చెప్పుమంటరు.
నేను చెప్తే పట్టీ దిక్కు చూస్తరు, నా దిక్కు కాదు.
అది రూలు. నాకెరుకే.

కాయిదం మీద సంతకం.
ఈడ నీ మనిషి ఎవరు అన్న ఖానా కాడ పెన్ను ఆగింది.
ఎందరికో నేనే చెప్పిన,
"దోస్తని రాయి, నడుస్తది" అని.
నడిచింది.

జమునకు ఫోను చేసిన.
రేపు పొద్దున థియేటర్ల డ్యూటీ, ఫోను ఎత్త అన్న.
అబద్ధమైతే కాదు.
ఇగ ఆ ఫోను, ఉంగురం, వాచి, మూడు రియాల్లు
ప్లాస్టిక్ సంచిల ఏసి ముడి నేనే బిగిచ్చిన.
వేరేటోళ్ళు ఏస్తే ఊడుతది.

మిగిలింది మొలతాడు.

హెర్నియా సరిగ్గ దాని కిందనే.
కత్తెర పట్టుకొని వచ్చింది షీబా.
ఆమెకేం ఎరుక,
మగోని మొలతాడు తెంపేది ఒక్కసారే,
తెంపేటోళ్ళు ఏడ్సుకుంట తెంపుతరని.

మావోళ్ళు ఎవరొచ్చినా గీడనే మొండికేస్తరు.
క్రేనోళ్ళు, సెంట్రింగోళ్ళు, ఎండల ఇనుము మోసేటోళ్ళు,
కడుపు కొయ్యమంటరు గని దారం ముట్టనియ్యరు.
అప్పుడు నన్ను పిలుస్తరు.
"తెంపం తమ్మీ, ఇప్పుతం. నా జేబుల భద్రం.
నువ్వు కండ్లు తెరవంగనే నేనే కడ్త."
దానికో ఇగురం ఉన్నది.
తడి దూది అద్దాలె. సూది మొనతోని ఒక్కొక్క పేట లాగాలె.
అరవయో డెబ్బయో ముడులు ఇప్పిన. మళ్ళ కట్టిన.

ఒక్కటి కట్టలె.
మెట్‌పల్లి దిక్కు పిలగాడు, ముత్తన్న.
దారానికి చిన్న వెండి బిళ్ళ ఉండె.
పోయేటప్పుడన్న కడ్దామని కింద షెడ్డు దాక ఉరికిన,
అప్పటికే పెట్టెకు మేకులు కొట్టిండ్రు.
నా లాకర్ల, సబ్బు డబ్బాల ఉన్నదది ఇంకా.
ఎవరికియ్యాల్నో తెల్వక.

నా ముడి నాకు అందుతది.
వేళ్ళే ఆగుతలేవు.

రఫీక్‌కు నేర్పిన.
తడి దూది. సూది మొన. తొందర వద్దు.
ఆయన బిస్మిల్లా అన్నడు, నేను ఊపిరి బిగవట్టిన.
ఊడింది.
నడుం చుట్టు దాని అచ్చు ఉన్నది, వేలు పెడితే గాడి.
అది లేకుంట నేనెట్లుంటనో నాకు గూడ కొత్తనే.
రఫీక్ జేబుల ఏసుకొని జిప్పు గుంజిండు.
"జేబుకు బొక్కగిట్ల ఉన్నదా?"
"కొత్త ప్యాంటు" అన్నడు.

సోహార్ల అజా ఇనపడంగ బండి కదిలింది.

పదకొండేండ్లు ఈ వరండాను తల వంచి చూసిన.
ఏ బండ పగిలిందో, అయోడిన్ మరక ఏ మూలకు పోలేదో,
ఏ గడప కాడ చక్రం ఎక్కి దిగుతదో,
ఎక్కడ పండుకున్నోడు అబ్బా అంటడో,
అంత ఎరుకే.

పైన ఏమున్నదో ఇయ్యాల్నే చూస్తున్న.
పద్నాలుగు ట్యూబులైట్లు.
ఆరోది ఆగి ఆగి కొట్టుకుంటుంది.
ఇంతమందిని ఈ తొవ్వల నూకుకపోయిన,
ఒక్కలు చెప్పలె.
చెప్తే మార్పియ్యకపోదునా!

"రఫీక్, ఆరో లైటు" అన్న.
"ఏ ఆరోది?" అన్నడు నేల చూసుకుంటనే.

గడప వచ్చింది.
పండ్లు బిగవట్టుకున్న.