పెన్సిల్ గీత ఆగినచోట

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల జిలానీ
ఎంసెట్ గైడొకటి దులిపి పక్కన పెడుతుంటే
దానికి అట్టేసిన కాగితం మీద కన్ను పడింది.
లేత నీలం, పసుపు,
కొండలున్న చోట గోధుమరంగు మరకలు.
ముందు కృష్ణ ఒక్కటే చదవగలిగాను.
దివిసీమ దగ్గర చీలి సముద్రంలోకి జారే ఆ వంకర
ఎవరి దస్తూరీలో ఉన్నా గుర్తుపడతాను.
"గైడు కావాలా, అట్ట కావాలా?"
"అట్ట."
నలభై తీసుకున్నాడు. గైడు ఊరికే ఇస్తానన్నాడు.

పగలు నాది ఆటోనగర్లో లారీ బుకింగ్ ఆఫీసు.
ఏ బండి ఎక్కడ ఆగిందో,
ఏ చెక్‌పోస్టు దగ్గర డ్రైవరు పడుకున్నాడో
ఫోన్లో అరిచి కనుక్కోవడం పని.
రాత్రి పదకొండు దాటాక, కృష్ణలంకలో, కుట్టుమిషను పక్కన,
సెకండ్ హ్యాండ్ జాయ్‌స్టిక్ పట్టుకుని
గన్నవరం రన్‌వే చివర నిలబడతాను.

విమానం లేపడం పెద్ద విద్యేం కాదు.
ఎటు పోవాలో తెలియాలి.
పటాల కోసం రెండేళ్లు వెతికాను.
ఒకచోట డాలర్లు కట్టమన్నారు.
ఒకచోట హైదరాబాదుంది, మద్రాసుంది, మనది లేదు.
ఇంకోచోట దొరికింది కానీ గడువు దాటింది.
ఇరవై ఎనిమిది రోజులకోసారి కొత్తవి వేస్తారట.
"భూమికీ డేటుంటుందా, పాలపాకెట్టు మీదలాగా?"
అంది హైమవతి, దారం కొరుకుతూ.

దొరికినవి గవర్నర్‌పేట జిరాక్స్ షాపులో రిబ్కా తీసిచ్చేది.
అడుగున చిన్నక్షరాలు ప్రతిసారీ వేలుపెట్టి చదివేది:
నిజమైన ప్రయాణానికి వాడరాదు.
"మరెందుకండీ?"
చిల్లర లెక్కపెట్టుకుంటూ బయటపడేవాణ్ణి.

తర్వాత కదిలే పటం దొరికింది.
తమాషా, అందులో విమానం కదలదు.
తెర నడుమ మేకు కొట్టినట్టు అక్కడే ఉంటుంది.
బ్యారేజీ తన గేట్లన్నిటితో సహా జరిగొస్తుంది.
మంగళగిరి కాళ్ల కిందికొచ్చి వెనక్కి పోతుంది.
కుర్చీలోంచి లేవకుండా
నాగపూర్ దాకా లారీలను నడిపేవాడికి ఇదేం కొత్త కాదు.
అయినా మొదటి రాత్రి నిద్రపట్టలేదు.

ఇప్పుడీ అట్టకాగితం.
హైమవతి ఇస్త్రీపెట్టెతో మడతలు తీస్తుంటే
గీత కనిపించింది.
గన్నవరం నుంచి, స్కేలు పెట్టి గీసిన పెన్సిలు గీత.
ఉయ్యూరు పక్కగా, అవనిగడ్డ మీదుగా,
హంసలదీవిని ఎడమకి వదిలి
సముద్రంలోకి పోయి ఆగింది.
అక్కడ దీవి లేదు, ఓడ గుర్తు లేదు. ఒక చుక్క.
పక్కన 4.10 అని రాసి, కొట్టేసి, 4.25.

ఎవరిదై ఉంటుంది?
పొలాలకి మందు జల్లే విమానం నడిపినవాడా?
ఉప్పెన మర్నాడు పడవల కోసం పోయినవాడా?
సగంలో ఫీజు కట్టలేక మానేసిన కుర్రాడెవడో
ఊరికే గీసుకున్నాడా?
"బందరు నుంచి తూకానికొచ్చిన కట్టండీ," అన్నాడు జిలానీ,
"తూకానికి పేర్లుంటాయా."

శనివారం రాత్రి ఆ గీత పట్టుకుని వెళ్లాను.
కాగితం మోకాళ్ల మీద, కదిలే పటం ఎదురుగా.
లోపలి గడియారాన్ని సాయంత్రానికి తిప్పాను.
అవనిగడ్డ దాకా పొలాలు,
ఒకే పచ్చ గుడ్డముక్క పదేపదే అతికినట్టు.
తీరం వచ్చి, పోయింది.
ఆ తర్వాత పటంలో జరగడానికి ఏమీ మిగల్లేదు.
అంతా నీలం. అంకెలే తిరుగుతున్నాయి.

చుక్క చుట్టూ గిరికీ కొట్టాను. ఒకటి. రెండు.
నూనె ముల్లు వంక ఒక కన్ను.
ఏమీ ఉండదని తెలుసు.
ఈ నీళ్లు అద్దినవాడు మన సముద్రం ఎప్పుడు చూశాడు గనక.

"ఏం కనిపిస్తోంది?"
"నీళ్లు."
కుట్టుమిషను ఆగింది.
"మా అమ్మమ్మ చెల్లెలు అటుపక్కే. ఉప్పెనలో.
దొరకలేదు."
పన్నెండేళ్ల కాపురం. ఈ మాట ఇవాళే విన్నాను.
కుర్చీ వెనక్కొచ్చి నిలబడింది,
వేలికి ఇంకా సూది తొడుగు.
"ఇంకాస్త కిందికి దించు."

దించాను.
లోపలి గడియారంలో నాలుగూ ఇరవై.