మాయకో గుమ్మం

పెద్దాసుపత్రి పురుళ్ళ వార్డులో
పంతొమ్మిదేళ్ళ రాత్రి డూటీ నాది.
బిడ్డ కేరుమనగానే ముందుగాల
నా నోరు నాను కట్టీసుకుంతాను.

జాలారిపేట నూకాలు మనవణ్ణి
"ఎంత బాగున్నాడే గుంటడు" అనకూడదు,
అమ్మోరికి సెవులు పదునంట.
పాతపోస్టాఫీసు కాడి నూర్జహాను బిడ్డ
అన్నిటికన్నా ముందు బాంగే ఇనాల.
ఆల్ల తాత మెట్లెక్కి వొచ్చీదాక
మావెవలం దగ్గనైనా దగ్గలేదు.
డాక్‌యార్డు బెంగాలీ అత్తగారైతే
నాలిక ఆడించి ఉలూలూలూ అని కేకేసినాది,
కొత్త నర్సమ్మ ట్రే వొదిలీసి పరుగు.
నేవీ సిక్కులాయన తేనె తెచ్చి
ఇంట్లో మంచిమనిసే నాకించాలన్నాడు,
ఆ మనిసి గునాలొస్తాయంట.
"ఆర్నెల్లు నీల్లు కూడా ఒద్దు" అన్నాది డాక్టరమ్మ.
నా పురుటికి మా అత్త
మూడ్రోజులు మంచినీల్లు ఇయ్యలేదు.
ఈ వార్డులోనే ఒకావిడ
గళాసుడు నెయ్యి తాగి తేన్సీది.

ఎవల్ది తప్పో నాకు తెల్దు.
తలకింద కత్తెరెడితే ఒకలు దండమెడతారు,
ఒకలు సావు తెస్తావా అంటారు.
నా సంచిలో రెండూ ఉంటాయి,
కత్తెరా, కత్తెర లేదన్న మాటా.

ఆసుపత్రికీ మడుంది మరి.
గీత దాటి సెప్పులు రాకూడదు.
ఆకుపచ్చ గుడ్డ ముడితే మైలే.
మాయ పసుపు సంచిలోనే పడాల, తూకం రాయాల.
పసుపంటే మనకి పేరంటం.
ఈల్లకి తగలెట్టీది.

మొన్న ఆసాడం ముసురులో
బుద్రి వొచ్చినాది.
మధురవాడ పన్నెండంతస్తుల కాడ
ఇటుకలు మోసీ పిల్ల.
మల్కనగిరి అవతల కొండలంట,
ఆ మాట మా ఎవలికీ రాదు.
దాని మొగుడు మేస్త్రీని డబ్బులడగనెల్లి
తెల్లారినా తిరిగి రాలేదు.

ఆడపిల్ల.
సూపిస్తే నవ్వినాది గానీ
సూపంతా బేసిని మీదే.
లేవలేక లేచి
పక్కగుడ్డని ఏల్లతో తవ్వినాది.
మల్లీ రెండు సేతులూ నిలువుగా ఎత్తి
గాలిలో ఒక గుమ్మం కట్టినాది,
దాని అడుగున ఏలు ఎట్టినాది.
ఇక్కడ.

ఇక్కడంటే ఎక్కడే తల్లీ?
నీలం టార్పాలినుకి గుమ్మం ఏటుంటాది?
ఊళ్ళో కొత్త గుమ్మాలన్నీ ఎత్తింది ఆల్లే,
ఒక్కటీ ఆల్లది కాదు.

ఆ రాత్రి పుస్తకంలో
ఒక మాయ తక్కువొచ్చినాది.
తూకం ఎవలు రాసినారో నాకు తెల్దు.
నాకు తెలిసిందల్లా
నా అన్నం కేరేజీ అడుగుగిన్నె బరువు.
మొదటి బస్సులో దాన్ని ఒల్లో ఎట్టుకుని
కంచరపాలెం దాకా ఎవల మొకమూ సూల్లేదు.

ఫోటోలోంచి అత్త సూస్తానే ఉంది.
పురుటి మైలతో గుమ్మం తొక్కీసినానని
ఒకప్పుడు నా సీర నూతికాడే ఇప్పించిన మనిసి.
గునపం తీసినాను.
కుడిపక్కా, ఎడంపక్కా?
ఎంత లోతు? పైన ఉప్పా, బియ్యమా?
ఆల్లు ఏటి సదువుతారో?
అడగాల్సింది. అడగలేదు.
మట్టి కప్పి "సల్లగుండు" అన్నాను,
నాకొచ్చిన మంత్రం అదొక్కటే.
కేరేజీ మాత్రం మల్లీ అన్నానికి వాడలేదు.
ఏటి సేస్తాం, నా మడి నాకుంటాది.

మర్నాడు రాత్రి బుద్రి ముందర
నాను కూడా గాలిలో గుమ్మం కట్టి
అడుగున ఏలు ఎట్టినాను.
నా సెయ్యి లాక్కుని
దాని నెత్తిన బోర్లించుకున్నాది.
అది ఆల్లలో దండమో, ఒట్టో, మరోటో.
మూడోనాటికి మంచం ఖాళీ.
పన్నెండంతస్తులూ అయిపోనాయి,
రంగులేసినారు, బాల్కనీల్లో బట్టలారతన్నాయి.

తెల్లారి ముగ్గేస్తే
గుమ్మానికి ఎడంపక్క జానెడు మేర
సుక్క ఎట్టను.
అదేటత్తా అని కోడలడిగినాది.
మన ఆచారమే అన్నాను.