మగ్గబెట్టే గది

పట్నం బజారు సందులో నా గది.
కొల్లిపర నుంచి తెల్లారుజామున దిగిన కర్పూర గెలలు,
పచ్చగా, మొండిగా,
తట్టితే కట్టెలా మోగుతూ.

మా తాత వరిగడ్డి పొగ పెట్టేవాడు,
కుండకి చిల్లు పొడిచి, నోటితో ఊది.
నాకు సిలిండరుంది, మీట తిప్పితే చాలు.
ఆ పొగలో ఉన్నదీ ఈ సిలిండరులో ఉన్నదీ ఒకటేనట.
బైపీసీ చదివే మా ఫర్జానా చెప్పింది:
ఇథిలీను.

రంగు లేదు. కాయకి నోరు అదే.
ఒకటి పండితే పక్కదానికి చెబుతుంది.
దెబ్బ తిన్నది ఇంకా ముందే చెబుతుంది,
ఇంకా గట్టిగా.
"ఆకుని రాలిపొమ్మనేదీ అదే అబ్బా,
పువ్వుకి ఇక చాలు అనేదీ అదే."

అన్నం ముద్ద చేతిలోనే ఆగింది.

నా తలుపు పక్కనే మస్తానమ్మ గులాబీల తట్ట.
పదకొండు కాకుండానే రేకలు రాల్చేవి.
ఎండని తిట్టేది, హోల్‌సేలు వాణ్ణి తిట్టేది,
తన చేతి వేడిని కూడా అనుమానించింది ఒకసారి.
నాలుగో రోజు గది తెరిచి
నేను రెండు పళ్లిస్తే
వాటినా పూలలోనే దాచుకునేది, మనవడికని.

ఇవాళ తట్ట ఎత్తి రోడ్డుకి అవతల పెట్టాను.
"నీడకి కూడా అద్దె అడుగుతావా ఖాజావలీ?"
కయ్యానికొచ్చింది.
ఎలా చెప్పను,
తొమ్మిదేళ్లుగా నా తలుపు సందులోంచి
ఆమె పూలతో ఏం మాట్లాడుతున్నానో.

పళ్లివ్వడం మాత్రం మానలేదు.
ఇక్కడే తినేసి పొమ్మన్నాను,
నా ఎదురుగా.