రెండో దొర

పోర్టులో క్రేన్లకి వైద్యం చేస్తాడు మా సారు.
ఊరు ఇంగ్లండులో ఎక్కడో. నేనడగలా, ఆయన చెప్పలా.
రెండేళ్లుగా ముత్తుకూరు రోడ్డు మీద
ఆయన వెనక సీట్లో, నేను ముందు,
మధ్యలో కారందోసె పొట్లం వాసన.
"చాలు" వచ్చు. "పర్లా" వచ్చు.
లారీవోడు అడ్డమొస్తే నేను తిట్టే తిట్టు గూడా వచ్చు,
అర్థం తెలీకుండా శుభ్రంగా పలుకుతాడు.

మొన్నటెండల్లో కరెంటు ఫ్యాక్టరీకి
ఇంకో తెల్లాయన దిగినాడు.
ఊరంతా నాకు శుభవార్త చెప్పేదే:
"మీ దొరకి తోడొచ్చినాడంటనే!"
వాచ్‌మన్ ఓబులేసు, ఇస్త్రీ బండి సుబ్బరత్నమ్మ,
ఆఖరికి సూపర్‌మార్కెట్లో బిల్లు కొట్టే పిల్ల గూడా
మా సారు చేతిలో చీజు డబ్బా చూసి,
"ఆయనా ఇదే తీసకపోయినాడు సార్."

సారు మొహం అప్పుడు చూడాల.
అప్పులోడి గొంతు గుమ్మంలో విన్నట్టు.
"పెంచల్, ఆ కారు కనపడితే ఆపబాక, పోనీ."
పోనిచ్చా. ఎందుకని అడగలా.

నాకు తెల్సు గనక.
కువైట్లో తొమ్మిదేళ్లు. శుక్రవారమైతే
మనోళ్లంతా మాలియాలో గుమిగూడతా ఉంటే
నేను వెనక వీధిలోంచి పొయ్యేవోణ్ణి.
చేబదులడిగేవోడు ఒకడు,
ఊళ్లోకి మాటలు మోసేవోడు ఇంకొకడు. సరే, భరించొచ్చు.
"మీదేవూరన్నా" అంటాడు ముందు.
ఊళ్లో ఏ పక్క అంటాడు.
కాసేపాగి, టీ ఊదుకుంటా, "ఏమిట్లు మీరు?"
చెప్పినాక ఆ గ్లాసు
నా చెయ్యి తగలకుండా కిందబెట్టే తీరుండాదే,
కువైటు పోయినా గ్లాసు గ్లాసే.
తమిళోణ్ణని చెప్పి బతికినా రెండేళ్లు.

ఒకనాడు గేటు కాడ లారీల వరసలో ఇరుక్కుని
వచ్చీరాని ఇంగ్లీషులో సారుకి ఇదంతా చెప్పా.
చాన్సేపు ఉప్పు మడులకేసి చూసినాడు.
"మాకూ ఉంది పెంచల్. నోరు తెరిస్తే చాలు,
తండ్రి ఏం పని చేసినాడో, ఏ బళ్లో చదివించినాడో
యాస పట్టిచ్చేస్తుంది. మా నాయన బొగ్గు గనిలో."
అంతే. తర్వాత "పర్లా" అన్నాడు,
ఎవరికో నాకు తెలీదు.

ఒక ఆదివారం మైపాడు ఇసకలో
ఆ రెండో ఆయన కారు దిగబడింది.
పోనీమనలా మా సారు.
టైర్ల కింద తాటాకులేసి, గోనెపట్టలేసి
ముగ్గురం తోసినాం.
ఆయనది సన్నపు ఒళ్లు, చెవులు ఉడికిన రొయ్యల రంగు.
అలుపు తీర్చుకుంటా, చిన్నప్పుడు సైకిలు మీంచి
ఎక్కడ పడ్డాడో ఏందో చెప్తా, "గిన్నెల్" అన్నాడు.

మా సారు చేతులు డిక్కీ మీదనే ఆగిపోయినై.
"ఏమన్నావ్?"
"గిన్నెల్."
ఇద్దరూ ఇసకలో కూలబడి నవ్వినారు,
వలలు దులుపుకునేవోళ్లు తిరిగి చూసేటట్టు.
ఏ గిన్నెలబ్బా, ఎందుకు నవ్వబ్బా అని నేను.

ఇంటికి పోతా చెప్పినాడు.
రెండిళ్ల గోడల మధ్య సందుంటాదే,
వాళ్ల పక్క దాని పేరంట అది.
పక్క జిల్లాకి పోతే ఇంకో పేరంట.
"ఇంకొకరి నోట విని ముప్పయ్యేళ్లయింది."

నాకూ ఒకటుంది. ఫర్వానియాలో కూరగాయల అంగడి.
"ఎర్రగడ్డలు ఎట్టబ్బయా" అని
వెనక ఎవరిదో గొంతు.
తమిళోడి మెడ నన్నడక్కుండానే తిరిగింది.
తిరిగినందుకు ఏమయిందో
సారుకి చెప్పలా. మీకూ చెప్పను.

సోమవారం మళ్లీ అదే మాట. "ఆపబాక, పోనీ."
కానీ స్టోన్‌హౌస్‌పేటలో,
వాళ్లోడే ఎవరిదో పేరంట ఆ పేటకి,
ఆటోలు అడ్డంబడి ఆగినప్పుడు
అద్దం దించి
రెండు మిద్దెల నడుమ సందు చూసి
పెదాలు కదిపినాడు, శబ్దం లేకుండా.

"స్టీలువా, ఇత్తడివా సార్?" అన్నా.
నా తిట్టు నాకే తిప్పి కొట్టినాడు.
ఈసారి అర్థం తెలిసే.