సేవు

ముక్తేశ్వరం రేవు మలుపులో మా సెల్లు కొట్టు.
రీఛార్జి, జెరాక్సు, ఫోను తొడుగులు.
మధ్యాహ్నమైతే ఈగలు.

ఓలేటి ధనకాంతం వచ్చి
కొంగుముడి విప్పి కాగితమ్ముక్క తీసింది.
"ఈ నంబరు సేవు చెయ్యి బాబూ."
పది అంకెలు. ఏడో ఒకటో తెలీని చోట
చేప పొలుసొకటి అతుక్కుని ఉంది.

పేరేం పెట్టమంటారండీ అన్నాను.
ఆవిడ గోదారి వైపు చూసింది.
నలభై ఏళ్ళ కాపురంలో నోట రాని పేరు
నా కొట్లో వస్తుందా?

"పోనీ, పిలిస్తే ఏవంటారండీ ఆయన?"
"ఆయ్ అంటారు. ఇంకేవంటారు."
సరే, 'ఆయ్' అనే కొట్టాను.
సేవ్ చెయ్యనా అని అడిగింది ఫోను.
చెయ్యమన్నాను.

ఆ మాట నాకు రోజుకి నూరుసార్లు.
ఫొటోలు సేవు, పాటలు సేవు,
చీటీల పళ్ళంరాజు నోట్లో డబ్బులు సేవు,
ఇసకలో కుర్రాళ్ళు పడిపోయే బంతిని
మోచేత్తో లేపితే, కేక పెట్టి మరీ, సేవు.
ఇంగ్లీషువాడికి అన్నీ ఒకే డబ్బాలో పట్టేశాయి.
మనకి దేని డబ్బా దానిది.
విత్తనాలు నిలవ చేస్తాం,
పైసా పైసా కూడబెడతాం,
పసిపిల్లని కాస్తాం.
దాచడం ఒకటే తిరకాసు.
పదిలంగా పెట్టినా దాచడమే,
కనపడకుండా చేసినా దాచడమే.
గోదారికి ఈ రెండోది బాగా వచ్చు.

ఆగస్టులో వచ్చింది, ఎర్రగా.
లంకలు మునిగాయి, కరెంటు పోయింది.
నా జనరేటరు చుట్టూ ఊరందరి ఫోన్లూ
పాలకి ఎగబడ్డ పందిపిల్లల్లా.
ఆయన నావేసుకుని లంకలోకి పోయాడు.
మనుషుల్ని దాటించాడనీ
తర్వాత మేకల్ని, ఆ తర్వాత
ఎవరిదో కుట్టుమిషన్ని దాటించాడనీ చెప్పారు.
ఆపైన ఎవరూ ఏమీ చెప్పలేదు.

రెండు రోజులు
ఆవిడ నా బల్ల మీద కూచుని 'ఆయ్' నొక్కింది.
స్విచ్చాఫ్ అని చెప్పే అమ్మాయికి
"సరేనమ్మా" అని ప్రతిసారీ జవాబిచ్చింది.
పొద్దూ మాపూ ఒక్క గంట ఇంటికెళ్ళి వచ్చేది,
ఎందుకో నేనడగలేదు.
నేను సేవు చేసింది పది అంకెల్ని.
అంతకుమించి ఏమీ కాదని
అప్పుడు తెలిసి
ఆవిడ మొహం చూళ్ళేక
ఉన్న కవర్లే మళ్ళీ సర్దాను.

మూడో రోజు పొద్దున్న
తొడల దాకా బురదతో ఆయనే వచ్చాడు.
ఫోను ఏట్లో పోయిందట.
"ఆ నంబరే మళ్ళీ వత్తాదా?"
వస్తుందండీ, ఆధార్ కార్డుంటే.
"ఆయ్."

ఆవిడ ఏడవలేదు.
ఛార్జరు పీకి, తీగ చుట్ట చుట్టి
నా చేతిలో పెట్టింది.
"పదండి. కొయ్యింగ పులుసు
మీ తమ్ముడి కంట పడకుండా దాచాను.
పూటపూటా కాచాను.
ఈపాటికి ముక్కకి
పులుపు బాగా పట్టుంటాది."