బొటనవేలు

నా కుడి బొటనవేలికి ఒక కాయ ఉంది.
ముప్ఫై ఒక్క ఏళ్లు స్టాప్‌వాచ్ నొక్కితే కాసిన కాయ.
ఉల్లిపాయలు తరుగుతున్నా, చర్చిలో కూర్చున్నా
ఆ వేలు తనంతట తాను నొక్కుతుంది,
ఉత్త గాలిని.

సోల్నోక్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకి
మేలుకుని ఉండేది రొట్టెలు కాల్చేవాళ్లు,
సరుకు రైళ్లు, మేము.
నిన్నటి ఈత ఇంకా ఆరని జుట్టుతో
ఇవాళ్టి ఈతకి వచ్చేది బొరోకా.
జనవరిలో ఆ కొసలు గడ్డకట్టి
నడుస్తుంటే టకటకమనేవి.

ఆమెది సీతాకోకచిలుక ఈత, రెండు వందల మీటర్లు.
ఆ పేరు పెట్టినవాడెవడో
గట్టు మీదే కూర్చుని ఉంటాడు.
నీళ్లలోంచి చూస్తే అది
మునిగిపోతున్న మనిషి
మళ్లీ మళ్లీ లేవడం.

ఫెడరేషన్ వాళ్లు ఒక కాగితం పంపారు, రోజూ నింపాలి.
నిద్ర, ఆకలి, నొప్పి, ఉత్సాహం:
ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకె.
రెండేళ్లు అన్నింటికీ ఐదే వేసింది బొరోకా.
మెచ్చుకున్నాను. గోడకి అంటించాను కూడా.
నొప్పి దగ్గర ఐదంటే
నొప్పి లేదనా, నిండా నొప్పేననా,
నేనూ అడగలేదు, కాగితం చేసినవాళ్లూ చెప్పలేదు.
వాళ్ల అమ్మమ్మను పూడ్చిన రోజు కాగితం
తర్వాతెప్పుడో తీసి చూశాను.
ఐదు. ఐదు. ఐదు. ఐదు.
కలం కూడా వణకలేదు.

పిల్లలందరికీ చెప్పే కథ ఒకటుంది నా దగ్గర.
మా తీసా నదిలో ఒక పురుగు
మూడేళ్లు ఒండ్రులో బొరియ చేసుకుని పడి ఉంటుంది.
జూన్‌లో ఒక సాయంత్రం
లక్షలకు లక్షలు రెక్కలు తొడుక్కుని లేస్తాయి.
నది పూసింది అంటాం మేము.
"ఓర్చుకోండి, ఆ సాయంత్రం మీకూ వస్తుంది" అనేవాణ్ణి.
పదకొండేళ్లుగా ఆ కథ విన్న పిల్ల
మార్చిలో, స్వెటర్ చేతులు కిందికి గుంజుకుంటూ,
"చీకటి పడేసరికి అవన్నీ చచ్చిపోతాయి కదా
చొంగోర్ బాబాయ్" అంది.
నీళ్లు నమిలాను.
"ముందు ఎనిమిది వందల మీటర్లు, నెమ్మదిగా" అన్నాను.

ఆ గురువారం దిమ్మెక్కి నిలబడింది.
ఈల వేశాను. దూకలేదు.
మళ్లీ వేశాను.
పక్క లేన్‌లో జోంబోర్ అప్పుడే మలుపు తిరిగి వస్తున్నాడు.
కాలివేళ్లు అంచుని పట్టుకునే ఉన్నాయి,
మోకాళ్లు వంగే ఉన్నాయి,
అంతా నేను నేర్పినట్టే.
దూకడం ఒక్కటే లేదు.
నా వేలు మాత్రం నొక్కేసింది.
నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.
తర్వాత వెనక్కి దిగి
తువ్వాలు కూడా మరచిపోయి వెళ్లింది.
ఆ అంకెని ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు.
ఇంకా స్టాప్‌వాచ్‌లోనే ఉంది.

ఓర్పు, పట్టుదల, ఎదురీత.
నా నోట్లో అరిగి నున్నబడ్డ గులకరాళ్లు.
ఆ పిల్ల దగ్గర ఉన్నది ఓర్పే అనుకున్నాను.
ఓర్పు అయిపోయాక కూడా
అలవాటు కొన్నాళ్లు ఈదుతుందని
నాకెవరూ చెప్పలేదు.
చెప్పారేమో.
నేను ఈల వేస్తూ ఉన్నాను.

నది పూసిన సాయంత్రం వంతెన నిండా జనం.
కింద, విల్లో కొమ్మల పక్కన
ఒకమ్మాయి వెల్లకిలా తేలుతోంది.
పురుగులు ముఖం మీద వాలుతున్నాయి, తోలుకోవడం లేదు.
ప్రవాహం ఎటంటే అటు.
అంత నిదానంగా, అంత పనికిమాలినట్టుగా
నా కొలనులో ఎవరూ తేలలేదు.
బొరోకాయేనో, కాదో.
చేతులు కదలకపోతే
నేనెవర్నీ గుర్తుపట్టలేను.

పిలుద్దామనుకున్నాను. ఏమని?
జేబులో వేలు నొక్కింది.
స్టాప్‌వాచ్ ఇంట్లో ఉంది.
పక్కనున్న ముసలాయన టైమెంతయిందని అడిగాడు.
తెలీదన్నాను.